అమ్మగారి కోసం ముందు బాత్రూమ్ దారి చూడండి

పక్షవాతం వచ్చాక అమ్మగారికి ఎడమ వైపు పట్టు తగ్గిందని, వాకర్‌తో నడుస్తున్నారని, కొత్తగా దిగిన అద్దె ఫ్లాట్‌లో బాత్రూమ్‌కి వెళ్లాలంటేనే భయపడుతున్నారని రాశారు. హాలు, వంటగది తర్వాత సర్దుకోవచ్చండి. ముందు మంచం నుంచి కమోడ్ దాకా దారి సంగతి చూడండి.

వాకర్ వెడల్పు కొలిచి, తలుపు పూర్తిగా తీసినప్పుడు మిగిలే ఖాళీతో సరిచూడండి. ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే. ఓనరు ఒప్పుకుంటే తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. ఖర్మకాలి ఆవిడ లోపల పడినా మీరు వెళ్లగలుగుతారు.

పట్టుకునే స్టీల్ కమ్మీ కమోడ్‌కి కుడి వైపు, అంటే బలమున్న చేతి వైపు ఉండాలి. పనివాళ్లు గోడ ఎటు ఖాళీగా ఉంటే అటు బిగించేసి పోతారు, దగ్గరుండి చూసుకోండి. టవల్ రాడ్డు, గోడకి అతుక్కునే రబ్బరు హ్యాండిళ్లు మనిషి బరువుని ఆపవు. డ్రిల్లింగ్ వద్దంటే కమోడ్ చుట్టూ నిలబెట్టే చేతుల ఫ్రేమ్ సర్జికల్ షాపుల్లో అడగండి.

గడప ఎక్కేటప్పుడు ముందు వాకర్, తర్వాత కుడి కాలు, చివర ఎడమ. దిగేటప్పుడు వాకర్ తర్వాత ఎడమ కాలు. ఫిజియోథెరపిస్టుని ఇంటికే పిలిపించి ఆ గడప మీదే ప్రాక్టీస్ చేయిస్తే సగం టెన్షన్ పోతుంది. వాలు పలక వేయిస్తే 1 అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు ఉండాలి.

కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనుతున్నాయా? లేకపోతే పల్చటి పరుపు వేయండి.