పాఠకుల ప్రశ్నలు: పొట్టి పగళ్లు, కమ్మని ఎండ

ప్రశ్న: డిసెంబరు 21 నుంచి పగలు పెరుగుతుందంటారు. మరి సంక్రాంతి దాకా పొద్దున ఆరింటికి చీకటిగానే ఉంటుందెందుకు?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: పగలు పెరిగే మాట నిజమే. కాకపోతే ఆ పెరుగుదల ముందు సాయంత్రం వైపే కనిపిస్తుంది. విశాఖలో పొద్దు అన్నిటికంటే తొందరగా గూకేది నవంబరు చివరి వారంలో, దాదాపు 5.20కి. డిసెంబరు 21న సూర్యోదయం 6.23, అస్తమయం 5.27 ప్రాంతంలో. సంక్రాంతికి అస్తమయం 5.40కి వెనక్కి జరిగినా, సూర్యోదయం కూడా 6.30కి వెనక్కి జరుగుతుంది. భూమి అక్షం వంపు, కక్ష్య పూర్తి గుండ్రంగా లేకపోవడం, ఈ రెండిటివల్ల ఆ రోజుల్లో సూర్యుడు నడిమింటికి వచ్చే వేళ రోజుకు దాదాపు అర నిమిషం ఆలస్యమవుతూ పోతుంది, దాంతోపాటే సూర్యోదయమూ ఆలస్యమవుతుంది. అంచేత జనవరి నెలాఖరు దాకా పొద్దుటి నడకను ఆరున్నరకు పెట్టుకోండి, ఆ అరగంట హాయిగా పడుకోండి. ‘పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు’ అంటారు గానీ, జూన్‌తో పోలిస్తే మనకు తగ్గేది రెండు గంటల వెలుగే.

ప్రశ్న: మా అత్తయ్యగారు డాబా మెట్లెక్కలేరు. ఫ్లాట్‌లోనే ఎండలో ఎక్కడ కూర్చోబెట్టాలండీ? తలంటు ఏ వేళకు పోయాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: దక్షిణం గుమ్మం ఉంటే అదృష్టమే. జూన్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరాన ఉంటాడు కనుక ఆ గుమ్మంలోకి ఎండ రాదు. డిసెంబరులో దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఏడడుగుల గుమ్మానికి పైన రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా, మిట్టమధ్యాహ్నం గడప నుంచి నాలుగడుగుల లోపలి దాకా ఎండ పడుతుంది. పైన బాల్కనీ వెడల్పుగా ముందుకొస్తే మాత్రం అంత రాదు. అప్పుడు కుర్చీ రెయిలింగ్ దగ్గరకు జరపాలి. ఎండ వీపుకు తగిలేలా వేయండి, కళ్లకు శ్రమ ఉండదు. మధ్యాహ్నం గడిచేకొద్దీ ఎండ తూర్పు గోడ వైపు జరుగుతుంది, కుర్చీనీ అటే జరుపుతూ ఉండాలి. అద్దం తలుపు మూసి కూర్చోబెడితే వెచ్చగానే ఉంటుంది గానీ, విటమిన్ డి తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. తలుపు తీసే ఉంచండి. గాలి విసురుగా ఉంటే భుజాల మీద శాలువా కప్పితే చాలు.

తలంటు పదకొండులోపు ముగించాలి. ఆలస్యమైతే జుట్టు ఆరకముందే పొద్దు వాలిపోతుంది, తడి తలతో చలి పట్టుకుంటుంది. నాలుగు చెంచాల నువ్వుల నూనెను పొయ్యి మీద కాయకుండా, గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయండి. అన్నిటికంటే ముఖ్యం: అరికాళ్లకు నూనె రాయొద్దు. నూనె కాళ్లతో పెద్దవాళ్లు బాత్‌రూంలో జారిపడతారు. మధ్యాహ్నం కునుకు అరగంట మించకుండా, మూడింటిలోపు లేపండి. సందెవేళ పడుకుంటే రాత్రి నిద్ర రాదు.

ప్రశ్న: సెలవుల్లో ఆర్‌.కె. బీచ్‌కు ఉదయం వెళ్లాలా, సాయంత్రమా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఉదయమే. డిసెంబరు చివర్లో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా, ఇంచుమించు తీరానికి ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. అస్తమయం ఊరి వెనక జరుగుతుంది, సముద్రం మీద కనిపించదు. ఆరింటికల్లా ఇసుక మీద కూర్చుంటే తెల్లవారే రంగులు మొదటినుంచీ చూడొచ్చు. అడుగున చాప వేసుకోండి, మంచుకు ఇసుక తడిగా ఉంటుంది.