బ్యాటరీ లైటు వెలిగిందని బ్యాటరీ మార్చకండి

విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఆగితే బ్యాటరీ లైటు వస్తోంది, రేస్ చేస్తే పోతోంది, బెల్ట్ శబ్దమేమీ లేదు, మెకానిక్ బ్యాటరీ మార్చమన్నాడు అని అడిగారు. అప్పుడే మార్చకండి. ఆ లైటు చెప్పేది బ్యాటరీ సంగతి కాదు, డైనమో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్) నుంచి చార్జింగ్ సరిగా అందట్లేదని.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.4 నుంచి 12.7 ఉండాలి. స్టార్ట్ చేశాక చాలా బండ్లలో 13.8 నుంచి 14.5. కొత్త బండ్లలో ఈసీయూయే (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చార్జింగ్ తగ్గిస్తుంది, కాబట్టి ఏసీ, హెడ్‌లైట్లు వేసి చూస్తేనే లెక్క. స్లోలో 13 కిందికి జారి, 2000 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ ఎక్కిందంటే డైనమోలో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండాలి, లేదా దాని ఆల్టర్నేటింగ్ కరెంటును డీసీగా మార్చే ఒక డయోడ్ పోయి ఉండాలి. బెల్ట్ వదులైతే రేస్ చేసినప్పుడు కీచుమంటుంది, మీకు అది లేదు. చాలా బండ్లకు 15 దాటితే, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించాలి. అలా చార్జింగ్ ఎక్కువైతే మన మే ఎండల్లో బ్యాటరీ నీళ్లు ఇట్టే ఆవిరైపోతాయి.

డయోడ్ కోసం ఇంజన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులకు తిప్పి బ్యాటరీ మీద చూడండి. 0.5 దాటితే అనుమానించాలి. చవక మీటర్లు కొన్ని ఇక్కడ 28, 30 చూపిస్తాయి, అది నమ్మొద్దు.

వైర్లు వదిలేయకండి. ఇంజన్ నడుస్తూ ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉండగానే డైనమో వెనక లావు వైరు బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య కొలవండి, 0.3 వోల్టు దాటకూడదు. డైనమో బాడీకీ మైనస్‌కీ మధ్య 0.2. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు మునిగిన బండి అయితే మొదటి అనుమానం ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి కలిపేది) మీదే.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తామంటే ఒప్పుకోకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ కాలిపోవచ్చు.

ఆటోనగర్‌లో డైనమో విప్పిస్తే దగ్గరుండి చూడండి. బ్రష్ 5 మిల్లీమీటర్ల లోపుంటే మార్చాలి. బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగుల మీద గాడి పడి ఉంటే కొత్త బ్రష్‌లు కూడా త్వరగానే అరిగిపోతాయి, అవీ సరిచేయించాలి. చాలా వాటిలో బ్రష్‌లూ రెగ్యులేటరూ ఒకే ముక్కగా వస్తాయి.

దారిలో లైటు వెలిగి, స్టీరింగ్ బరువెక్కినా, టెంపరేచర్ ముల్లు లేచినా వెంటనే ఆపండి. బెల్ట్ తెగి ఉండొచ్చు, కొన్ని ఇంజన్లలో వాటర్ పంపూ దాంతోనే తిరుగుతుంది.

రిపేరయ్యాక, బాగా దిగిపోయిన బ్యాటరీని చార్జర్ మీద 4 ఆంపియర్లతో నెమ్మదిగా నింపించండి. ఒక రాత్రి ఆపి చూసినా 12.4 నిలవకపోతే, అప్పుడు కొత్తది కొనండి.