బడిలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెరంబూరు నుండి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. జూన్‌లో బడి తెరవగానే ఆరో తరగతికి క్లాస్ టీచరుగా చేరి లెక్కలు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. బడివాళ్లు నీచేత సంతకం పెట్టించుకున్న ప్రవర్తనా నియమావళి చదివి, ఇవన్నీ తెలిసిన సంగతులే కదా అన్నావట. తెలిసినవే. అయితే ఆ కాగితాల్లో రాయని ఒక సంగతిని మనసులో ఉంచుకుని వాటిని మరోసారి చదువు: నీ ముందు కూర్చునే నలభైమందిలో ఏ ఒక్కరూ నీకు ఎదురు చెప్పలేరు. నువ్వు వేసిన మార్కు తప్పయినా, అన్న మాట అన్యాయమైనా, పదకొండేళ్ల పిల్ల దాన్ని మింగుకుని ఇంటికి పోతుంది. చెన్నైలో ముప్ఫైనాలుగేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఈ వృత్తిలోని నియమాలన్నీ ఇక్కడినుంచే పుట్టినట్టు కనిపిస్తాయి.

ముందు ట్యూషన్ల విషయం చెబుతాను, ఎందుకంటే అందులో నా తప్పు ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో సాయంత్రం పూట ఇంటి వరండాలో పదకొండుమందికి ట్యూషను చెప్పేవాణ్ణి; అందరూ నా తరగతి పిల్లలే. ఒకరోజు బోర్డు మీద కారణాంక విభజన చేస్తూ, మధ్యలో ఒక మెట్టు దాటేసి, మిగతాది మీరే చేసుకోండి అన్నాను. ముందు బెంచీలో ముగ్గురు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఆ మిగతాది సాయంత్రం మా వరండాలో దొరుకుతుందని వాళ్లకు తెలుసు. కిటికీ పక్క కుర్రాడు మాత్రం పెన్సిలు పట్టుకుని బోర్డు వంక చూస్తూనే ఉండిపోయాడు. నేను కావాలని దాచలేదు అమ్మాయీ, నా చేయి దానంతటదే దాచింది. ఆ టర్ము అయ్యాక ట్యూషన్లు మానేశాను. ఇల్లు గడవడానికి ఆ డబ్బు బాగా అక్కరకొచ్చేది కాబట్టి మీ పెద్దమ్మ కొన్నాళ్లు నాతో ముభావంగానే ఉంది. ఇప్పుడైతే 2009 నాటి విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ), అంటే 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది, ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 28వ సెక్షనులో స్పష్టంగా చెబుతోంది. అయినా బడి వరండాలో ఒక తల్లి నిన్ను ఆపి, మిస్, మీరు ఇంట్లో చెబుతారా అని అడుగుతుంది. ఆమె అడిగేది చదువు కోసం కన్నా భయంతో, చేర్పించకపోతే బిడ్డను చిన్నచూపు చూస్తారేమోనని. లేదమ్మా అని ఊరుకోక, పిల్ల ఎక్కడ వెనకబడిందో అక్కడే నిలబడి రెండు నిమిషాలు చెప్పి పంపు. ఆ భయం సగం అక్కడే పోతుంది.

బెత్తం సంగతి నీకు చెప్పనక్కరలేదు. అయితే అదే చట్టంలోని 17వ సెక్షను దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది, మన స్టాఫ్‌రూముల్లో చాలామంది ఆ రెండో మాట దగ్గర ఆగరు. మొద్దు అని పేరు పెట్టడం, మార్కులు పెద్దనుంచి చిన్నకు వరుసగా చదివి చివరివాణ్ణి లేచి నిలబడమనడం, వాళ్లన్నయ్యతో పోల్చడం, ఇవన్నీ ఆ మాటలోకి వస్తాయి. ఒక క్వార్టర్లీ పరీక్షలో ఇద్దరి పేపర్లలో ఒకే తప్పు కనిపిస్తే, విచారించకుండా ఒకడి పేపరు తరగతి ముందే చింపేశాను. పక్కవాడే వాడి పేపరు చూసి రాశాడని రెండు రోజుల తరువాత తెలిసింది. వాణ్ణి స్టాఫ్‌రూముకు పిలిచి, తప్పయింది నాయనా అన్నాను. వాడు తల వంచుకుని, పరవాలేదు సార్ అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. అవమానం నలభైమంది ముందు జరిగితే క్షమాపణ తలుపు చాటున చెప్పానేమిటని. మర్నాడు మొదటి పీరియడులో, ఏ బోర్డు ముందు చింపానో అక్కడే నిలబడి మళ్లీ చెప్పాను. దానివల్ల పిల్లల్లో గౌరవం తగ్గుతుందని ఒక సీనియరు నన్ను హెచ్చరించాడు. తగ్గలేదు.

క్లాస్ టీచరువు కాబట్టి రికార్డుల పని నీ మీదే పడుతుంది. ఉపకారవేతనం ఫారాలు వచ్చినప్పుడు, ఫలానా కులాల పిల్లలు లేచి నిలబడండి అని పిలవడం నేను కళ్లారా చూశాను. పిలిచినవారికి అందులో తప్పేమీ కనిపించలేదు. ప్రైవేటు బళ్లలో ప్రవేశ తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాల, వెనుకబాటుకు గురైన కుటుంబాల పిల్లలకు కేటాయించాలని ఆ విద్యాహక్కు చట్టమే చెబుతుంది. అలా చేరినవాళ్లను కొన్నిచోట్ల ‘ఆర్టీఈ పిల్లలు’ అని ఒక జాతిలాగా పిలుస్తారు. ఆ మాట నీ నోట రాకూడదు. జాబితా నీ బీరువాలో ఉండాలి, ఫారాలు తల్లిదండ్రులకు విడిగా కవరులో పెట్టి అందాలి.

మన తెలుగువాళ్ల మధ్య ఇంకో చిక్కు ఉంది. నువ్వు తెలుగు మాట్లాడతావని తెలియగానే కొందరు తల్లిదండ్రులు ప్రాణం లేచివచ్చినట్టు మాట్లాడతారు, మీది ఏ ఊరు, ఎవరి తాలూకు అంటూ మెల్లగా కులం దాకా వస్తారు. నవ్వి, నెల్లూరు దాకానే చెప్పి ఆపెయ్యి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం నేర్చుకోవలసిన పిల్లలు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు; 2006 నాటి తమిళనాడు చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయి వాళ్ల ఇబ్బంది పెరిగింది. అలాంటి పిల్లకు ఒక మాట తెలుగులో చెప్పి అర్థం చేయించడం నీ ధర్మమే. కాని తెలుగు పిల్లతోనే నవ్వుతున్నావని మిగతా పిల్లలకు తోచిందంటే, ఎంత నిష్పాక్షికంగా మార్కులు వేసినా నమ్మరు.

బహుమతుల గురించి రెండు ముక్కలు. సెప్టెంబరు 5న పెన్నులు, దీపావళికి స్వీటు బాక్సులు, అప్పుడప్పుడు చీరలు కూడా వస్తాయి. ఇదే ఊళ్లోని ప్రెసిడెన్సీ కళాశాలలో 1909లో అధ్యాపక వృత్తి మొదలుపెట్టిన రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు పేరు చెప్పి పిల్లల చేత డబ్బు పోగు చేయించడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. పిల్లలు చేత్తో చేసిన కార్డు తీసుకో, స్వీటు తరగతిలో పంచు, చీర ఆ సాయంత్రమే తిరిగి పంపు.

ఫోను విషయంలో మాత్రం కఠినంగా ఉండు. ఏ పిల్లకూ విడిగా మెసేజీలు పెట్టవద్దు. ఏదైనా తల్లిదండ్రుల గ్రూపులోనే. పిల్లల ఫొటోలు నీ స్టేటస్‌లో పెట్టవద్దు.

ఇక అన్నిటికన్నా బరువైనది. ఏదో ఒకరోజు ఒక పిల్ల బడి వదిలాక కూడా బ్యాగు సర్దుకోకుండా నీ బల్ల దగ్గర తచ్చాడుతుంది. ఎవరికీ చెప్పనని మాట ఇస్తేనే చెబుతానంటుంది. ఆ మాట ఇవ్వకు. నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రమే చెబుతాను అను. గుచ్చి గుచ్చి ప్రశ్నించకు, నిజమేనా అనకు; విని, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే, తేదీ, సమయంతో ఆరోజే రాసిపెట్టు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానమున్నా పోలీసులకు చెప్పి తీరాలి; చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలుశిక్ష ఉంది, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా. హెచ్చెమ్‌కు చెప్పాను, కరస్పాండెంటుకు చెప్పాను, నా పని అయిపోయింది అనుకునే వీలు ఆ చట్టంలో లేదు. బడి పరువు పోతుందని నిన్ను కూర్చోబెట్టి నచ్చజెప్పబోయేవాళ్లు ఉంటారు, వాళ్లలో నీకు ఇష్టమైనవాళ్లు కూడా ఉండవచ్చు. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారిపై కేసు నిలవదని ఆ సెక్షనే చెబుతోంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఆ పిల్ల పేరు మాత్రం స్టాఫ్‌రూములో గానీ, ఇంట్లో గానీ, నాతో గానీ అనకూడదు.

చివరగా పేపర్లు. ఒకరి పేపరు మొదటినుంచి చివరిదాకా ఒకేసారి దిద్దవద్దు. అందరివీ మొదటి ప్రశ్న దిద్ది, కట్ట తారుమారు చేసి రెండోదానికి వెళ్లు. అందమైన దస్తూరి చూసిన కన్ను తరువాతి తప్పును క్షమిస్తుంది, ఆ సంగతి నీకు తెలియనే తెలియదు. పేరున్న పేజీ మడిచి పెట్టుకో. మొత్తాలు ఆ రాత్రి వేసి, పొద్దున్నే మళ్లీ వెయ్యి.

క్వార్టర్లీకి ముందు ఒక ఆదివారం మా ఇంటికి రా, లెక్కలో ఒక్కో మెట్టుకు మార్కులు ఎలా వేయాలో చూపిస్తాను. పిల్లల పేపర్లు మాత్రం తేవద్దు, అవి బడి దాటి బంధువుల ఇళ్లకు పోకూడదు. తెల్లకాగితాల మీద నేనే నాలుగైదు తప్పుడు జవాబులు రాసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న