చదువు సంగతులు: ఏయూ గురించి మీ ఉత్తరాలు

(జవాబులు రాస్తున్నది ఉత్తరాంధ్రలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) గురించే.)

ప్రశ్న: మా అమ్మాయికి పీజీసెట్‌లో ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాళ్లు లేరు. "ఏయూకి పేరు తప్ప ఏం మిగల్లేదు, మా దగ్గర చేర్పిస్తే ఉద్యోగం సంగతి మేం చూస్తాం" అని ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికొచ్చి మరీ చెబుతున్నాడు. అమ్మాయిని హాస్టల్లో ఉంచాలంటే టెన్షన్‌గా కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, పాలకొండ

జవాబు: ఏయూలో చేర్పించండి. ముందు ఆ మాట చెప్పేశాక మిగతాది మాట్లాడుకుందాం.

ఆ మనిషి చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, చాలా పాఠాలు గెస్ట్ లెక్చరర్ల చేతుల మీదుగా నడుస్తున్నాయి. అది చిన్న లోటేం కాదు, నాకు బాధగానే ఉంటుంది. అయినా "ఏం మిగల్లేదు" అనే మాట తప్పు. ఆ యూనివర్సిటీకి 2023లో న్యాక్ (కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడులిచ్చే సంస్థ) ఏ++ గ్రేడు ఇచ్చింది. అయితే మీ అమ్మాయికి గ్రేడు కన్నా ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటి ఉంది. క్యాంపస్‌లో ఎమ్మెస్సీ పిల్లలు చదివే బిల్డింగులోనే పీహెచ్‌డీ స్కాలర్లు కూడా పనిచేస్తుంటారు. సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని పనిచేసుకుంటున్న స్కాలర్ దగ్గరికెళ్లి "అక్కా, సీఎస్ఐఆర్ నెట్‌కి ఎలా చదివావు?" అని అడిగే వీలుంటుంది. జేఆర్‌ఎఫ్ (ఆ నెట్ పరీక్షలో మంచి మార్కులొస్తే ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తూ నెలనెలా స్టైపెండ్ తీసుకోవచ్చు. ఇంట్లో ఎవరూ నడవని దారిలో వెళ్తున్న పిల్లకి ఆ దారిలో నాలుగడుగులు ముందున్నవాళ్లు రోజూ కళ్లెదుట కనిపించడం చాలా పెద్ద విషయం. కెమిస్ట్రీకి విశాఖలో మరో అనుకూలం కూడా ఉంది. పరవాడ ఫార్మా సిటీ ఊరి చివరే ఉంది.

ఏయూలో ఎవరు చదువుతారో నాకు తెలుసు. నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, పొలం పనుల రోజుల్లో కాలేజీ మానేసిన పిల్లలే తర్వాత అక్కడ ఎంఏలు, ఎమ్మెస్సీలు చేశారు. అక్కడ శ్రీకాకుళం కౌలురైతుల పిల్లలు, విజయనగరం జనపనార మిల్లు కార్మికుల పిల్లలు, పాడేరు, అరకు గిరిజన గ్రామాల నుంచి వచ్చినవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. మీ అమ్మాయికి గదిలో తోడుండేది వాళ్లే. ఇంటి నుంచి డబ్బు ఆలస్యంగా రావడం అంటే ఏమిటో వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక చెయ్యాల్సిన పనులు. మీకొచ్చింది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నది అలాట్‌మెంట్ కాగితంలో చూడండి. ఫీజులో పెద్ద తేడా ఉంటుంది. చేరే రోజే హాస్టల్ దరఖాస్తు ఇవ్వండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. మెస్ బిల్లు డివైడింగ్ పద్ధతిలో ఉంటే, ఆ నెల ఖర్చునంతా తిన్నవాళ్లకి పంచుతారు కాబట్టి నెలనెలా మారుతుంది. బకాయి పడనివ్వకండి. చివర్లో నో డ్యూస్ (బకాయిలేమీ లేవన్న కాగితం) దగ్గర సర్టిఫికెట్లు ఆగిపోతే ఉద్యోగం చేతికొచ్చిన వేళ పిల్లలు కన్నీళ్లు పెట్టుకోవడం చూశాను. చేర్పించే ముందు ఒకసారి మీరూ అమ్మాయీ కలిసి వెళ్లి ల్యాబ్ చూడండి, రెండో సంవత్సరం అమ్మాయిలతో మాట్లాడండి. హాస్టల్ గురించి నేను చెప్పేదానికన్నా వాళ్లు చెప్పేదే నమ్మండి.

ఆ ప్రైవేటు కాలేజీ మనిషి మళ్లీ వస్తే, పోయినేడాది వాళ్ల దగ్గర ఎమ్మెస్సీ పూర్తి చేసినవాళ్ల పేర్లూ, వాళ్లు పనిచేస్తున్న కంపెనీల పేర్లూ కాగితం మీద రాసిమ్మనండి.

ప్రశ్న: మాది ఒంగోలు. ఈఏపీసెట్ దరఖాస్తులో నాకు "ఏయూ ఏరియా" అని వచ్చింది. మాకూ విశాఖకూ సంబంధం ఏమిటి? నేను ఆంధ్రా యూనివర్సిటీలోనే చేరాలా?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: కంగారు పడకు బాబూ. అది నువ్వు చేరాల్సిన కాలేజీ కాదు, నువ్వు లోకల్ అయిన ప్రాంతం పేరు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాక రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. చదువుల కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను మూడు యూనివర్సిటీల పేర్లతో మూడు ప్రాంతాలు చేశారు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా కోస్తా జిల్లాలు ఏయూ ఏరియా. రాయలసీమ, నెల్లూరు ఎస్వీయూ (తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా. తెలంగాణ ఓయూ (ఉస్మానియా యూనివర్సిటీ) ఏరియా. 85 శాతం సీట్లు ఆ ప్రాంతం పిల్లలకే. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లూ వరసగా అక్కడే చదివితే లోకల్ అవుతారు. ఈ నిబంధనకి సంబంధించిన స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సిద్ధం చేసుకో. కౌన్సెలింగ్ రోజు తొమ్మిదో తరగతి సర్టిఫికెట్ కోసం పరుగులు పెట్టేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: అనకాపల్లిలో బీకాం చేశాను. డిగ్రీ పట్టా మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అనే ఉంది. ఇంటర్వ్యూలో "ఏయూలో చదివాను" అంటే క్యాంపస్ గురించి అడిగారు, నోరు మూగబోయింది. నేను చెప్పింది అబద్ధమా?

జవాబు: అబద్ధం కాదు, అరకొరగా చెప్పారంతే. రెజ్యూమెలో ముందు మీ కాలేజీ పేరు, పక్కన "ఆంధ్ర విశ్వవిద్యాలయం అనుబంధం" అని రాయండి. విశాఖ క్యాంపస్‌లో ఉండేది ముఖ్యంగా పీజీ, ఇంజినీరింగ్, లా, ఫార్మసీ విద్యార్థులు, పరిశోధకులు. బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లల్లో అత్యధికులు మీలాగే బయట అనుబంధ కాలేజీల్లో చదివి ఆ పట్టా అందుకుంటారు. లెక్క వేస్తే ఏయూ పట్టా ఉన్నవాళ్లలో సముద్రం పక్కనున్న ఆ క్యాంపస్‌లో ఒక్కరోజు కూడా పాఠం వినని వాళ్లే ఎక్కువ. వాళ్లు ఏయూ విద్యార్థులు కారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పూర్వం ఈ పరిధి ఇంకా పెద్దది. మీ తాతగారి తరంలో గుంటూరులో చదివినవాళ్ల పట్టాల మీద కూడా ఇదే పేరుండేది. 1954లో తిరుపతిలో ఎస్వీయూ, 1976లో గుంటూరు దగ్గర నాగార్జున, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, 2008లో శ్రీకాకుళంలో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చేసరికి పరిధి తగ్గుతూ వచ్చింది. నాగార్జున, అంబేద్కర్ యూనివర్సిటీలు రెండూ ఏయూ పీజీ సెంటర్లుగా మొదలైనవే.

ప్రశ్న: ఏయూకి వందేళ్లంటూ వేడుకల మాటలు వింటున్నాం. పాత వైస్ చాన్సలర్ల పేర్లు వల్లించడం తప్ప ఇందులో విద్యార్థులకి ఒరిగేదేముంది?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేర్లు వల్లించి ఊరుకుంటే ఏమీ ఒరగదు. కానీ ఆ పేర్ల వెనక ఏం జరిగిందో పిల్లలకి చెబితే చాలా ఒరుగుతుంది. 1926లో ఈ యూనివర్సిటీ మొదలైంది విశాఖలో కాదు, బెజవాడలో. విశాఖలోని వాల్తేరుకి 1930లో మారింది. మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి, బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, 1936లో మళ్లీ కట్టమంచి వచ్చారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ భారీ విరాళాలిచ్చి సైన్స్ కాలేజీని నిలబెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖ మీద బాంబుల భయం వచ్చినప్పుడు 1942లో యూనివర్సిటీ గుంటూరుకి తరలిపోయింది, 1946లో తిరిగొచ్చింది. ఊరు వదిలి వెళ్లి కూడా చదువు ఆపని విద్యార్థుల గురించి వేడుకల్లో ఎవరైనా మాట్లాడితే వినాలని నాకుంది.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఏయూలో గణితంలో ఎంఏ చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలో గణాంకశాస్త్రం చదివినా ఆయన సిద్ధాంతం చదవాల్సిందే. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. చేతిలో డిగ్రీ ఉండి దారి తెలియక నిలబడ్డ కుర్రాడిగా ఆయన్ని పరిచయం చెయ్యండి, మా పిల్లలు శ్రద్ధగా వింటారు.

1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ రోడ్డెక్కిన వాళ్లలో ఏయూ విద్యార్థులు ఉన్నారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఫ్యాక్టరీలో తర్వాత ఎన్ని వేల కుటుంబాలు బతికాయో విశాఖవాళ్లకి తెలుసు. వేడుకల వేదిక మీద ఆ మాట రాకపోతే అది పెద్ద లోటు.

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, సెలవు దొరకదు. ఏయూలో దూరవిద్య ద్వారా ఎంఏ చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు. అక్కడ దూరవిద్య 1972 నుంచి ఉంది. పోలీసు కానిస్టేబుళ్లు, టీచర్లు, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎందరో అలాగే పట్టాలు తెచ్చుకున్నారు. ఫీజు కట్టేముందు మీరు ఎంచుకున్న కోర్సుకి ఈ సంవత్సరం యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో చూసుకోండి. ఏజెంట్లకి రూపాయి కూడా ఇవ్వకండి.

ప్రశ్న: మేడమ్, మాది పాడేరు దగ్గర చిన్న ఊరు. ఈ ఏడాదే ఏయూలో ఎంఏ ఎకనామిక్స్‌లో చేరాను. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. వచ్చే నెల సెమినార్ ఇవ్వాలి. అందరి ముందు నిలబడితే కాళ్లు వణుకుతాయి. చదువు మానేసి ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తోంది.
– మీ పాఠకురాలు

జవాబు: వెళ్లిపోకు తల్లీ. నేనూ తెలుగు మీడియంలో చదివే అదే డిపార్ట్‌మెంటుకి వెళ్లాను. మొదటి టర్మంతా క్లాసులో నోరు విప్పలేదు. నాకు అప్పుడు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ అధ్యాయం చదువు. విషయం బుర్రకెక్కాక అదే అధ్యాయం ఇంగ్లీషు పుస్తకంలో చదివితే కొత్తది భాష ఒక్కటే అవుతుంది. రెండూ ఒకేసారి కొత్తవైతే ఎవరికైనా కష్టమే. రోజూ సాయంత్రం వి.ఎస్. కృష్ణ లైబ్రరీలో ఒక చోటు చూసుకుని కూర్చో. ఆ పేరు పెట్టుకున్నది ఎవరి గుర్తుగానో తెలుసా? ఆయన కూడా మన సబ్జెక్టు ప్రొఫెసరే, తర్వాత వీసీ అయ్యారు. సందేహం వస్తే సార్‌ని తెలుగులోనే అడుగు. అడగడం మానెయ్యడం కన్నా తెలుగులో అడగడం ఎన్నో రెట్లు మేలు. పరీక్ష ఏ భాషలో రాయొచ్చో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఇప్పుడే కనుక్కో.

సెమినార్‌కి అంశం నువ్వు ఎంచుకునే వీలుంటే పుస్తకంలోంచి తియ్యకు, మీ ఊరి సంతలోంచి తియ్యి. మీ ప్రాంతంలో కాఫీ, మిరియాలు, పసుపు పండుతాయి. కొంత గిరిజన సహకార సంస్థ కొంటుంది, కొంత సంతకొచ్చే వ్యాపారి కొంటాడు. రైతు ఎవరికి అమ్ముతాడు, ఎందుకు? ముందే అప్పిచ్చిన వ్యాపారికి తక్కువ ధరకైనా అమ్మక తప్పని ఇల్లు ఎన్ని? ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పది ఇళ్లలో కూర్చుని అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. మార్కెట్, పరపతి (అంటే అప్పు), బేరమాడే శక్తి అంటూ మీ పుస్తకాల్లో ఉన్నవన్నీ ఆ నోట్‌బుక్‌లో కనిపిస్తాయి. సిటీలో పెరిగి ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడే నీ క్లాస్‌మేట్ దగ్గర ఈ వివరాలుండవు. వాక్యాలు చిన్నవి రాసుకో, హాస్టల్ గదిలో నీ రూమ్మేట్ ముందు పైకి చదువు, టైము చూసుకో.

ఇంకో మాట. ఏయూలో ఇథియోపియా నుంచి వచ్చిన పరిశోధకులు చాలామంది ఉంటారు. వాళ్లకీ ఇంగ్లీషు ఇంటి భాష కాదు, వాళ్లదీ కాఫీ పండే దేశమే. నీ డిపార్ట్‌మెంటులో ఎవరైనా ఉంటే వాళ్ల ఊళ్లో కాఫీ రైతుకి ధర ఎవరు నిర్ణయిస్తారో అడుగు. ఆ సంభాషణలో వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు, ఇద్దరికీ చెప్పుకోవడానికి బోలెడుంటుంది.

పేపరు రాశాక, తేదీకి వారం ముందు ఈ పత్రిక చిరునామాకి పంపు. చదివి, దిద్ది, మళ్లీ పంపిస్తాను.