వరసలలో చదవవలసినది ఏముంది?

ప్రశ్న: మానవశాస్త్రమంటే అడవులకూ దీవులకూ వెళ్ళి అక్కడివారి జీవితాన్ని తెలుసుకోవడమని అనుకుని డిగ్రీలో ఆ సబ్జెక్టు తీసుకున్నాను. మా మేడం మొదటి పనిగా మా ఇంటి చుట్టరికాల పటం గీసి, ఎవరిని ఏమని పిలుస్తామో రాసుకురమ్మన్నారు. అందరికీ తెలిసిన వరసలలో చదవవలసినది ఏముంటుంది?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మేడం చాలా మంచి పని అప్పగించారు. అందరికీ తెలిసినవని మీరన్న ఈ వరసలను అమెరికా పరిశోధకుడు లూయీ హెన్రీ మోర్గాన్ 1871లోనే తన గ్రంథంలో పట్టికగా అచ్చువేశారు. తెలుగు, తమిళ వరసలకూ, ఉత్తర అమెరికాలోని ఇరొక్వా ఆదివాసుల వరసలకూ ఉన్న పోలిక ఆయనను ఎంతగానో ఆలోచింపజేసింది.

మీ ఇంటి సంగతే చూడండి. నాన్నగారి తమ్ముడు మీకు బాబాయి. అమ్మ చెల్లెలి భర్త కూడా బాబాయే. వారిద్దరి పిల్లలూ మీకు తోడబుట్టినవారితో సమానం. మేనమామ కొడుకూ, మేనత్త కొడుకూ మాత్రం మీకంటే పెద్దవారైతే బావలవుతారు. ఇంగ్లీషులో వీరందరికీ కజిన్ అన్న ఒక్క మాటే ఉంది. పెళ్ళయ్యాక భర్త తల్లిదండ్రులను మనం మళ్ళీ అత్తా, మామా అనే పిలుస్తున్నామంటే, ఎవరి పిల్లలతో పెళ్ళి కుదురుతుందో, ఎవరి పిల్లలతో కుదరదో మన పిలుపులే ముందుగా తేల్చిపెట్టాయన్నమాట. దీనినే ద్రావిడ బంధుత్వ వ్యవస్థ అంటారు. అయితే మేనరికాలు మానుకున్న ఇళ్ళలోనూ ఈ పిలుపులు మారలేదు కనుక, వరస ఉన్నంత మాత్రాన మేనరికం జరిగిందని రాయకండి. జరిగినవెన్నో విడిగా అడిగి తెలుసుకోండి.

పటంలో పురుషుడికి త్రిభుజం, స్త్రీకి వృత్తం, పెళ్ళికి రెండు అడ్డగీతలు గీస్తారు. వంశావళి ద్వారా చుట్టరికాలను రాబట్టే ఈ పద్ధతిని రివర్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1898లో ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్యనున్న టారెస్ జలసంధి దీవులకు వెళ్ళినప్పుడు రూపొందించారు. మీరు కోరుకున్న దీవులలో పుట్టిన పద్ధతితోనే ఇప్పుడు మీ అమ్మమ్మగారిని ప్రశ్నించబోతున్నారు. ఆమెను “ఆయన నీకేమవుతారు?” అనీ, “ఎదురుపడితే ఏమని పిలుస్తావు?” అనీ రెండు ప్రశ్నలూ వేరువేరుగా అడగండి. జవాబులు తరచూ వేరుగా ఉంటాయి.

ఈ మధ్య విజయవాడలో ఒక పెళ్ళి చూశాను. పెళ్ళికూతురిని గంపలో తేవలసిన వేళకు సొంత మేనమామ ఊళ్ళో లేకపోవడంతో, తల్లికి పెదనాన్న కొడుకైన పెద్దమనిషిని పిలిచి గంప పట్టించారు. వరసకు ఆయనా మేనమామే కనుక పురోహితుడు గానీ, బంధువులు గానీ అభ్యంతరం చెప్పలేదు. మీ ఇంటి పెళ్ళిళ్ళలో ఇలా ఒకరి స్థానంలో మరొకరు ఎప్పుడైనా నిలబడ్డారేమో అడిగి, పటం కిందనే రాసుకోండి.