షర్టు మాట పుట్టుక గురించి రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. షర్టు, స్కర్టు ఒకే మాట అని మొదటి వాక్యంలోనే చెప్పేశావు. నిజమే. కానీ అవి ఎలా విడిపోయాయో పాఠకుణ్ణి కాసేపు చూడనివ్వు, కథంతా అందులోనే ఉంది.

ఇంగ్లీషు, జర్మన్, డేనిష్ భాషలకు తల్లి అయిన ఆదిమ జర్మానిక్‌లో ఆ మాట *స్కుర్తియో. ముందున్న నక్షత్రం గుర్తును నువ్వు వదిలేశావు. వదలకు. ఆ భాషలో రాసిన పుస్తకమేదీ లేదు. దాని పిల్ల భాషల మాటల్ని పక్కపక్కన పెట్టి పండితులు కట్టిన రూపమిది. నక్షత్రం పెట్టడమంటే ఇది ఊహించి కట్టిన రూపమని నిజాయితీగా ఒప్పుకోవడం. అర్థం పొట్టి బట్ట. ఇంగ్లీషు ‘షార్ట్’ దీని తోబుట్టువే.

పాత ఇంగ్లీషులో ‘స్క్’ మెత్తబడి ‘ష’ అయింది. స్కాండినేవియా నుంచి ఓడలమీద వచ్చిన వైకింగుల నోట మాత్రం అలాగే నిలిచింది. 865లో ఆ వైకింగుల్లోని డేన్‌ల పెద్ద సైన్యం ఇంగ్లండులో దిగింది. తర్వాత వాళ్లు ఉత్తరాన, తూర్పున కాపురాలు పెట్టారు, పొలాలు దున్నారు, అక్కడివాళ్లతో వియ్యమందారు. అలా ఒకే మాట రెండు గొంతులతో ఇంగ్లీషులో స్థిరపడింది. పోనుపోను ఒకటి ఒంటిమీది బట్టకు, ఇంకొకటి నడుము కింది బట్టకు పేరైంది. జర్మన్‌లో దీని చుట్టం ‘ష్యుర్ట్సె’ వంటింటి ఏప్రన్‌.

ఇక్కడ నువ్వు ఒక్క జంటే చూపించావు, చాలదు. ఇంగ్లీషులో ఫిష్, డేనిష్‌లో ఫిస్క్. ఇంగ్లీషులో షిప్, వైకింగుల భాష పాత నార్స్‌లో స్కిప్. జంట వెనక జంట అదే దారిలో నడిస్తేనే చదివేవాడు నమ్ముతాడు.

ఇంగ్లీషు ‘కట్‌’, మన ‘కత్తి’ చుట్టాలన్న పేరా తీసెయ్యి. కత్తి ద్రావిడ మాట, తమిళంలోనూ కత్తే. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. నీ వయసులో నేనూ అలాంటివి రాసి అచ్చుకిచ్చాను, ఇప్పటికీ బాధే.

అసలు చుట్టరికం వేరేచోట ఉంది. ఇంగ్లీషుకూ సంస్కృతానికీ మూలమైన పాత భాషను ఇండో-యూరోపియన్ అంటారు. ‘షార్ట్’ వెనకున్న ఆ భాష ధాతువుకు కోయడమని అర్థం. సంస్కృతంలో ‘కృంతతి’ (కోస్తాడు), ‘కర్తరి’ (కత్తెర) దాని నుంచి వచ్చినవే. మన కత్తెరకు ప్రకృతి ఆ కర్తరేనని పండితులంటారు. అంటే షర్టుగుడ్డను కోసే పనిముట్టు పేరూ, షర్టు పేరూ దూరపు బంధువులు.

మీ వీధి దర్జీ దగ్గర ఒక పూట కూర్చో. సుద్దగీత వెంట కత్తెర గుడ్డలోకి దిగేటప్పుడు వచ్చే కరకర చప్పుడు విను. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.