హడ్-వాష్ ఓచర్: హౌసింగ్ అథారిటీ ఎందుకు తిప్పి పంపింది?

కారులోనే నిద్రపోతున్న మీ మాజీ సైనిక మిత్రుడిని హౌసింగ్ అథారిటీ (స్థానిక ప్రభుత్వ గృహ సాయ సంస్థ) తిప్పి పంపడానికి కారణం, బహుశా హడ్-వాష్ ఓచర్ (అమెరికాలో నిరాశ్రయ మాజీ సైనికులకు ఇచ్చే అద్దె సాయం) ప్రక్రియ మొదలయ్యేది అక్కడ కాకపోవడమే.

1. ముందుగా ఆయన దగ్గరలోని వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) వైద్య కేంద్రంలో నిరాశ్రయ మాజీ సైనికుల విభాగాన్ని కలవాలి. లేదా వీఏ హెల్ప్‌లైన్ 877-424-3838కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: సాధారణంగా అర్హతను పరిశీలించి హౌసింగ్ అథారిటీకి పేరు పంపేది వీఏ సిబ్బందే కాబట్టి, ఆ సిఫారసు లేకుండా అక్కడ ఎన్ని ఫారాలు నింపినా ఈ ఓచర్ రాదు. వీలైతే మీరూ వెంట వెళ్లండి. ఒంటరిగా వెళ్లినవారు మొదటి తిరస్కారానికే ఆగిపోతుంటారు.

2. డీడీ-214 పత్రం (సైన్యం నుంచి విడుదలైనట్టు చూపే రుజువు) పోయినా ఆగవద్దు; నకలును ప్రభుత్వ రికార్డుల సంస్థ అయిన నేషనల్ ఆర్కైవ్స్ నుంచి ఉచితంగా తెప్పించుకోవచ్చు.

3. ఓచర్ వచ్చేలోగా, అద్దెకూ డిపాజిట్‌కూ తోడ్పడే ఎస్‌ఎస్‌వీఎఫ్ అనే వీఏ పథకం సాయం గురించి అదే కాల్‌లో అడగండి.